ఇవతలి గట్టు పిల్లలకూ అక్షరాలు కావాలి

సిరొంచ,
గడ్చిరోలి జిల్లా, మహారాష్ట్ర.

విదేశాల్లో తెలుగు సంఘాలు నడుపుతున్న పెద్దలకు, శని ఆదివారాల్లో తమ సెలవు వదులుకుని పిల్లలకు తెలుగు చెబుతున్న టీచర్లకు నమస్కారాలు.

నేను జిల్లా పరిషద్ బడుల్లో మరాఠీ మాధ్యమంలో పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజార్లో రెండూ, అడవి ఊళ్ళ నుంచి వచ్చే పిల్లలతో వచ్చీరాని గోండీ. మా సిరొంచలో బతుకంతా ఇట్లాగే నడుస్తుంది. మీకు ఒక విన్నపం చేసుకుందామని ఈ ఉత్తరం రాస్తున్నాను. అదేమిటో ముందే చెప్పేస్తాను. డాలస్‌లో, డెట్రాయిట్‌లో, న్యూజెర్సీలో మీరు పిల్లలకు నేర్పుతున్న తెలుగు అక్షరాలు మా గట్టు పిల్లలకు కూడా నేర్పడానికి సాయపడండి. అమెరికా వచ్చి మీరు చేస్తున్న పని కళ్ళారా చూశాకనే ఈ మాట అడగాలనిపించింది. అందుకని ఆ ప్రయాణం సంగతి కొంత చెప్పుకోవాల్సి వస్తోంది.

అంతకంటే ముందు మా ఊరెక్కడో చెప్పాలి. కాళేశ్వరం మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఒకే పానవట్టం మీదున్న రెండు లింగాలకు మొక్కి, నది ఒడ్డుకు వచ్చి నిలబడితే ఎదురుగా కనిపించే గట్టు మాది. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసేది అక్కడే. ఇంకా దిగువకు పోతే సోమనూరు దగ్గర ఇంద్రావతి కూడా వచ్చి కలుస్తుంది. ఈ మూడు నదుల నడుమ ఉన్న తాలూకా సిరొంచ. అంకీస, ఆసరెల్లి, జానంపల్లి, నగరం, రాజన్నపల్లి, పోచంపల్లి మా చుట్టుపక్కల ఊళ్ళు. మేడిగడ్డ బ్యారేజీని 2019 జూన్‌లో ప్రారంభించారనీ, 2023 అక్టోబరులో దాని పిల్లర్లు కుంగాయనీ అమెరికాలో నేను కలిసిన ప్రతివారికీ తెలుసు. ఆ బ్యారేజీకి రెండో కొస ఆనింది మా తాలూకా నేల మీద అన్న సంగతి మాత్రం ఒక్కరికీ తెలియదు. దాని వెనక నీళ్ళకు, వరదలకు మా వైపు రైతులు మిరప చేలు పోగొట్టుకున్నారు. అది ఇంకో ఉత్తరానికి సరిపడా సంగతి, ఇక్కడ ఆపుతాను.

ఈ గట్టు తెలుగుదే అయినా ఏలుబడి మాత్రం మారుతూ వచ్చింది. 1860 దాకా ఇది నిజాం రాజ్యం. ఆ ఏడాది ఒప్పందంలో నదికి ఎడమ గట్టు తాలూకాలు ఇంగ్లీషు వాళ్ళ చేతికి పోయాయి. సిరొంచ కేంద్రంగా అప్పర్ గోదావరి జిల్లా అని ఒకటి పెట్టారు. సముద్రం నుంచి గోదావరి మీదుగా పడవలు మా దాకా, ఇంకా పైన పత్తి దేశం దాకా రావాలని కాటన్ దొర పట్టుబట్టిన కాలం అది. నదిలో రాతి అడ్డులు దాటడానికి ఏళ్ళ తరబడి పనులు చేసి, 1871లో వదిలేశారు. 1874లో జిల్లానే తీసేశారు. భద్రాచలం వైపు మద్రాసుకు పోయింది, సిరొంచ చాందా జిల్లాలో కలిసింది. తరవాత 1956లో మధ్యప్రదేశ్ నుంచి బొంబాయి రాష్ట్రంలోకి, 1960లో మహారాష్ట్రలోకి, 1982 ఆగస్టు 26న కొత్తగా పుట్టిన గడ్చిరోలి జిల్లాలోకి వచ్చాం. మా తాత పుట్టిన ఇంట్లోనే మా బాపు పుట్టాడు, ఆ ఇంట్లోనే మేం పుట్టాం. ఎవ్వరం ఎక్కడికీ వలస పోలేదు.

ఈ మాట ఎందుకు చెప్తున్నానంటే, అమెరికాలో నన్ను చాలామంది అడిగిన మొదటి ప్రశ్న, మహారాష్ట్రకు ఎప్పుడు వలస వెళ్ళారని.

మా చిన్న తమ్ముడు వరంగల్‌లో ఇంజినీరింగు చదివి, హైదరాబాదులో కొన్నాళ్ళు ఉద్యోగం చేసి అమెరికా వెళ్ళాడు. మొదట్లో ఒకటి రెండుసార్లు వచ్చి పోయాడు. తరవాత రాలేకపోయాడు. మీకు ఇది విడమరిచి చెప్పాల్సిన పని లేదు. గ్రీన్‌కార్డు వరసలో ఒక్కో దేశానికి ఏడు శాతమే అన్న లెక్క 1990 చట్టంలో పెట్టారు. దాంతో మన పిల్లలు ఆ వరసలో నిలబడే ముసలివాళ్ళవుతున్నారు. వీసా స్టాంపింగుకు ఇండియా వస్తే మళ్ళీ ఎప్పుడు పోనిస్తారో తెలియదు, అక్కడ ఇల్లు, అప్పు, బిడ్డ బడి. బాపు పోయినప్పుడు వాడు ఫోన్లోనే చూశాడు. ఘాట్ దగ్గర పెద్ద తమ్ముడి చేతిలో ఫోన్ సిగ్నల్ పోతూ వస్తూ ఉంటే, అటు వాడు ఒక్కడే ఒక గదిలో కూర్చుని ఏడ్చాడు. ఆ రోజు నుంచి అవ్వ, అంటే మా అమ్మ, ఒకటే మాట మీదుంది. "వాడు రాకుంటే నేనే పోత. కండ్లు కనవడ్డన్ని రోజులల్లనే పోత."

ఎనభైకి దగ్గరపడ్డ మనిషి. బడి మొహం చూడలేదు. పుట్టిన తేదీ కాగితం లేదు. రజాకార్ల గొడవ నాటికి ఒళ్ళోపిల్ల అని మాత్రం తెలుసు. అప్పట్లో అవతలి గట్టు చుట్టాలు రాత్రికి రాత్రి పడవలెక్కి వచ్చి మా ఇండ్లలో తలదాచుకున్నారని పెద్దవాళ్ళు చెప్పేవారు. అవ్వ పుట్టిల్లు మంథని వైపు. అక్కడి కాగితాల్లో ఇంటిపేరు ముందు, మా మహారాష్ట్ర కాగితాల్లో పేరు ముందు, భర్త పేరు నడుమ, ఇంటిపేరు చివర. ఈ రెండూ ఒకే మనిషివని రుజువు చేయడానికి అఫిడవిట్లు, గెజిట్లు, ఎస్టీ బస్సుల్లో తిరుగుళ్ళు. మాకు పాస్‌పోర్టు ప్రాంతీయ కార్యాలయం నాగ్‌పూర్. మా ఊరి నుంచి జిల్లా కేంద్రం గడ్చిరోలికే రెండు వందల కిలోమీటర్ల పైన అడవి దారి, నాగ్‌పూర్ ఇంకా అవతల. రైలు పట్టా మా తాలూకాలో లేదు. ఏదైతేనేం, పాస్‌పోర్టు చేతికి వచ్చింది.

వీసాకు హైదరాబాదు పోయాం. నానక్‌రామ్‌గూడలో అమెరికా కాన్సులేటు. కిటికీ అవతల తెల్లదొరసాని, పక్కన మన భాష చెప్పే మనిషి. అవ్వను తెలుగులోనే అడిగారు, ఎందుకు పోతున్నావని. "నా కొడుకును చూడనీకి" అంది అవ్వ. "ఎన్ని రోజులుంటవు?" "చూసుడైనంక అత్త." అంతే, ఇచ్చేశారు. బయటికి వచ్చాక అవ్వ అన్న మాట నాకు గుచ్చుకుంది. తలాఠి దగ్గరికి పోయినా తహసీలుకు పోయినా తనకు ఎవరో ఒకరు మరాఠీ చదివి పెట్టాలి, ఇక్కడ అమెరికావాళ్ళు తన మాటల్లోనే తనను అడిగారని. ఆమె సంతోషంగానే చెప్పింది.

సిరొంచ నుంచి శంషాబాద్ దాకా రాత్రంతా జీపులో. వంతెన వచ్చేదాకా మేం కాళేశ్వరం పోవాలన్నా పడవే దిక్కు. ఇప్పుడు కాళేశ్వరం దగ్గర గోదావరి మీద ఒకటి, అర్జునగుట్ట దగ్గర ప్రాణహిత మీద ఒకటి, రెండు వంతెనలున్నాయి. అవ్వ వంతెన మీద జీపు ఆపించి, పైసలు నీళ్ళలో వేసి మొక్కింది. పరకాల దాటేసరికి నిద్రపోయింది. దోహాలో విమానం మారాలి. మీ తల్లిదండ్రులను తీసుకొచ్చినవాళ్ళు మీరు, మీకు తెలుసు, నడవగలిగిన పెద్దవాళ్ళకు కూడా వీల్‌చైర్ పెట్టిస్తారు, దారి తప్పకుండా. మా ముందు వరసలో అట్లాంటి తల్లులు కరీంనగర్ నుంచి, గుంటూరు నుంచి, ఖమ్మం నుంచి వచ్చినవాళ్ళు ఎంతమందో. ఒకావిడ ఒళ్ళో ఆవకాయ డబ్బా, ఇంకొకావిడకు కూతురి పురుడు. అవ్వ వాళ్ళందరితో అరగంటలో చుట్టరికం కలిపేసింది. దోహా నుంచి డాలస్‌కు పదహారు గంటలు. ఇంకా ఎంత దూరమని సీటు ముందున్న తెరలో విమానం బొమ్మను చూపించి అడుగుతూనే ఉంది. డాలస్‌లో దిగి బయటికి వచ్చాక, తమ్ముడు ఎదురొచ్చి కాళ్ళు పట్టుకుంటే, అవ్వ వాడి మొహం రెండు చేతుల్లోకి తీసుకుని ముందు జుట్టు చూసింది. "ఎంట్రుకలు తెల్లవడ్డయి కొడుకా" అంది. వాడు వెళ్ళేటప్పుడు ఒక్క తెల్ల వెంట్రుక కూడా లేదు.

ఇక అసలు విషయం.

మేం వెళ్ళింది 2025 బతుకమ్మల ముందు. సెప్టెంబరు 19న కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్లన్న ఉత్తర్వు వచ్చింది, ఆ తరవాత రెండు రోజులకు ఎంగిలిపూల బతుకమ్మ. ప్రతి ఇంట్లో అదే మాట, అదే భయం. అయినా ఆటకు వచ్చారు. తంగేడు లేదు, గునుగు లేదు. బంతి, చామంతి, ఇంకేవో ఆ దేశపు పూలతోనే పళ్ళేల నిండా పేర్చారు. సిరొంచలో కూడా మేం తొమ్మిది రోజులూ ఆడతాం, సద్దుల నాడు ప్రాణహితలో నిమజ్జనం చేస్తాం. అవ్వకు ఆ పాటలన్నీ నోటికి వచ్చు. కొన్ని మా గట్టు మీదే పాడతారు, అవతల వినపడవు. ఆమె పాట అందుకునేసరికి చుట్టూ ఉన్న ఆడపిల్లలు ఫోన్లు తీసి రికార్డు చేసుకున్నారు. ఒకమ్మాయి కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి, వాళ్ళ అమ్మమ్మ ఇట్లాగే పాడేదట.

పాట అయిపోయాక ఒక పిల్ల అడిగింది, "ఏ జిల్లా అమ్మమ్మా మీది?" అవ్వ గడ్చిరోలి అంది. ఆ పేరు వాళ్ళు వినకపోలేదు. ఆ తరవాత అక్టోబరులో కూడా పెద్దపల్లికి చెందిన మావోయిస్టు నాయకుడు మల్లోజుల వేణుగోపాల్ గడ్చిరోలిలో లొంగిపోయిన వార్త అన్ని టీవీల్లో వచ్చింది. అట్లాంటి వార్తల్లోనే మా జిల్లా పేరు బయటికి తెలుస్తుంది. "అది మహారాష్ట్ర కదా? మరి తెలుగు ఇంత మంచిగ ఎట్ల నేర్చుకున్నరు?" అని అడిగింది ఆ పిల్ల. మంచి మనసుతోనే అడిగింది. అవ్వ కాసేపు ఆమె మొహం చూసి, "నేర్చుకునుడేంది బిడ్డా? మా అవ్వ పాలతోని తాగిన" అంది.

వేదిక దగ్గర పేర్లు రాసుకునే కాగితంలో స్వస్థలం అన్న చోట రెండే గడులున్నాయి, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ. రాసుకునే అబ్బాయి మొహమాటపడి తెలంగాణ అని టిక్కు పెట్టాడు. అది ఏ సంఘమన్నది ముఖ్యం కాదు. ఎవరైనా అట్లాగే అచ్చు వేస్తారు. 2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్ళు మహారాష్ట్రలోనే 13 లక్షల పైచిలుకు. షోలాపూర్ పద్మశాలీలు, భివండి మగ్గాలవాళ్ళు, ముంబయి కామాటిపురవాళ్ళు వలస వెళ్ళినవాళ్ళు. మా తాలూకావాళ్ళం ఎక్కడికీ పోనివాళ్ళం. బళ్ళారిలో, రాయగడ దగ్గర, హోసూరులో కూడా ఇట్లాంటివాళ్ళున్నారు. ఆ కాగితంలో మూడో గడి ఒకటి పెట్టండి. ఇది చిన్న కోరిక.

పెద్ద కోరిక మా తమ్ముడి ఇంట్లో పుట్టింది.

తమ్ముడి బిడ్డ అక్కడే పుట్టింది. శనివారం పొద్దున తెలుగు తరగతికి పోతుంది. సిలికానాంధ్ర వాళ్ళు 2007లో మొదలుపెట్టిన మనబడి గురించి, తానా వారి పాఠశాల గురించి నేను పేపర్లో చదివినదే గాని చూడలేదు. ప్రవేశం, ప్రసూనం, ప్రకాశం అని మెట్లు మెట్లుగా తరగతులు, పరీక్షలు, హైదరాబాదు తెలుగు విశ్వవిద్యాలయం సర్టిఫికెట్లు. ఎక్కడో టెక్సాస్‌లో, మన నేలకు సుమారు 14,000 కిలోమీటర్ల దూరంలో, ఒక సాఫ్ట్‌వేర్ ఇంజినీరు వారమంతా పని చేసి, శనివారం బోర్డు ముందు నిలబడి 'క'కు తలకట్టు నేర్పుతున్నాడు. నేను జీవితమంతా బోర్డు ముందు నిలబడినదాన్ని. ఆ కష్టం ఎట్లాంటిదో నాకు తెలుసు. ఆ గదిలో వెనక బెంచీ మీద కూర్చుని నేను వాళ్ళకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

మా మేనకోడలుపిల్లకు మాట్లాడటం కొంచెం తడబాటు. "నానమ్మా, మీరు వాటర్ కావాలా?" అంటుంది. చదవడం మాత్రం గడగడా చదువుతుంది. రాత్రి నానమ్మ పక్కన పడుకుని కథల పుస్తకం చదివి వినిపించేది. అవ్వకు చదువు రాదు గదా, మనవరాలి నోటి నుంచి కథ వింటూ మధ్యమధ్య ఆ పిల్ల ఉచ్చారణ సరిదిద్దేది.

మా పెద్ద తమ్ముడి బిడ్డ సిరొంచలో ఉంది. ఇద్దరిదీ ఒకటే వయసు, అక్కాచెల్లెళ్ళు. వాళ్ళిద్దరూ ఒకరినొకరు ఫోన్లో చూసుకున్నదే గాని ఎదురుపడలేదు. డాలస్ పిల్ల ఒకనాడు రూళ్ళ కాగితం తీసుకుని చెల్లెలికి ఉత్తరం రాసింది. 'మన ఊరిలో నది ఎంత వెడల్పు ఉంటుంది? నువ్వు ఈత కొడతావా? నీకు ఏ పండు ఇష్టం?' 'ఎంత'లో సున్న మరిచిపోయి, తరవాత రెండక్షరాల మధ్య చిన్నగా ఇరికించింది. కింద నది బొమ్మ, చేప బొమ్మ. దాన్ని ఫొటో తీసి వాట్సప్‌లో పంపించాం.

కాసేపటికి సిరొంచ నుంచి వాయిస్ మెసేజి వచ్చింది. "అక్కా, బొమ్మ మస్తుగున్నది. ఏం రాసినవో సదివి చెప్పవా?"

ఆ పిల్ల నాలుగో తరగతి, చురుకైన పిల్ల, తరగతిలో ముందుంటుంది. మరాఠీ పద్యాలు రాగం తీసి చదువుతుంది. నోరు తెరిస్తే పొలం, పశువు, వాన, చేప, చుట్టరికం అన్నీ తెలుగులోనే. ఆ తెలుగులో మాటల సంపద చూస్తే డాలస్ బడి టీచర్లు కూడా ముచ్చటపడతారు. అక్షరం మాత్రం ఒక్కటి రాదు. మరునాడు ఆమె జవాబు రాసి పంపించింది. మరాఠీ లిపిలో, తెలుగు మాటలు. 'వానకాలంల నది ఒడ్డు దాటి అస్తది. నాకు ఈత అస్తది, నువ్వు అచ్చినంక నేర్పిస్త. నాకు తునికి పండు ఇష్టం.' ఇప్పుడు డాలస్ పిల్లకు అది చదవడం రాలేదు. ఫోను పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. సొంత అక్కాచెల్లెళ్ళు, ఒకటే ఇంటి మాట మాట్లాడేవాళ్ళు, ఒకరి ఉత్తరం ఒకరు చదువుకోలేక నన్ను నడుమ కూర్చోబెట్టుకున్నారు. రెండు లిపులూ వచ్చినదాన్ని గనక నేను చదివి పెట్టాను. నా తరవాత మా ఇంట్లో ఆ పని చేసేవాళ్ళు లేరు.

నాకు తెలుగు అక్షరాలు బడిలో రాలేదు. శివరాత్రికి కాళేశ్వరం జాతరలో బాపు పెద్దబాలశిక్ష కొని తెచ్చి, లాంతరు ముందు కూర్చోబెట్టి నేర్పాడు. మా తరంలో అట్లా నేర్చుకున్నవాళ్ళు ఇంటికొకరైనా ఉండేవారు. పడవ దాటి వచ్చే వారపత్రికలు చదివేవాళ్ళం. ఇప్పటి పిల్లలకు ఆ తీరిక లేదు. తెలుగు సినిమా, తెలుగు టీవీ ఇంటింటా ఉన్నాయి గనక మాట ఎక్కడికీ పోలేదు. చదువుకు మాత్రం ఆధారం లేదు. అవతలి గట్టు నుంచి పెండ్లి కార్డు వస్తే లగ్గం ఎన్ని గంటలకో చదివే పిల్ల ఇంట్లో ఉండదు. జబ్బు చేస్తే మేం పోయేది హనుమకొండకో మంచిర్యాలకో. అక్కడ దవాఖాన గోడ మీద రాసినవి, బస్సు బోర్డులు, మందుల చీటీ వెనక కాంపౌండరు రాసిచ్చిన మాటలు మా పిల్లలకు గీతలే.

ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. నాకు మరాఠీ మీద ఏ ఫిర్యాదూ లేదు. ఆ భాష నాకు అన్నం పెట్టింది. ఆ భాషలోనే వేలమంది పిల్లలకు లెక్కలు చెప్పాను. మా పిల్లలు మరాఠీ బాగా చదవాలి, చదువుతారు. దాని పక్కన ఇంటి భాషకు ఒక గంట చోటు ఉండాలంటున్నాను. తెలుగువాళ్ళ సంగతే ఇట్లా ఉంటే, మా అడవి ఊళ్ళ మాడియా పిల్లల సంగతి ఇంకా కష్టం. వాళ్ళ ఇంటి భాషలో పుస్తకం దొరకడమే కష్టం. మాకు పుస్తకాలు కూడా ఉన్నాయి. పుణెలో 1967లో పెట్టిన బాలభారతి మరాఠీతో పాటు తెలుగులో కూడా పాఠ్యపుస్తకాలు అచ్చు వేస్తుంది. ముంబయి నగరపాలిక తెలుగు మాధ్యమంలో బడులు నడిపింది. రాజ్యాంగంలో 350ఎ అధికరణ, అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చేయాలని రాష్ట్రాలకు చెబుతోంది. 2025 జూన్‌లో మహారాష్ట్ర ప్రభుత్వం మూడో భాష మీద ఉత్తర్వు ఇస్తూ, హిందీ బదులు వేరే భాష కావాలని ఒక తరగతిలో ఇరవై మంది అడిగితే టీచరును ఇస్తామంది. ఆ ఉత్తర్వును ఆ నెల 29న వెనక్కి తీసుకున్నారు, కమిటీ వేశారు. కమిటీ ఏం చెప్పినా, ఇరవై మంది అన్న లెక్క మా ఊళ్ళలో కష్టం కాదు. చెప్పే మనిషే కావాలి.

ఇక్కడే మీ అవసరం పడుతోంది. అధికారుల చుట్టూ తిరిగే పని మేం చేస్తాం, అది మా బాధ్యత. అది తేలేదాకా ఏళ్ళు పడుతుంది, ఈలోగా ఒక తరం పిల్లలు బడి దాటిపోతారు. దూరంలో ఉన్న పిల్లలకు, ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాష ఉన్న పిల్లలకు, వారానికి రెండు గంటల్లో తెలుగు చదవడం ఎట్లా నేర్పాలన్నది మీకు తెలిసినంతగా ఇక్కడ ఎవరికీ తెలియదు. తెలుగు రాష్ట్రాల వాచకాలు మాకు సరిపోవు. అవి రోజూ తెలుగు చుట్టూ కనిపించే పిల్లల కోసం రాసినవి. మీ పుస్తకాలు మా పిల్లలకు సరిపోతాయి. పైగా మా పిల్లలకు మాట ముందే వచ్చు గనక మీ పిల్లలకు రెండేళ్ళు పట్టేది వీళ్ళకు ఆరు నెలల్లో వస్తుంది. టీచరుగా ఈ మాట నమ్మకంతో చెప్తున్నాను.

ప్రపంచ తెలుగు మహాసభలు 1975లో హైదరాబాదులో మొదలై, 1981లో కౌలాలంపూర్, 1990లో మారిషస్ దాకా వెళ్ళాయి. మారిషస్‌లో చెరకు తోటలకు కూలీలుగా పోయినవాళ్ళ మునిమనవలు ఇవాళ బడిలో తెలుగు చదువుతున్నారంటే, అక్కడి సంఘాలు ఎన్ని దశాబ్దాలు తలుపులు తట్టి ఉంటాయో ఊహించగలను. సముద్రం దాటినవాళ్ళ కోసం ఇంత చేసిన మీరు, ఒక వంతెన దాటి ఇటు కూడా రండి.

ఆదివారం పొద్దున ఏడు గంటలకు మా పిల్లలు ఖాళీ. వేసవి సమయంలో డాలస్‌లో అప్పుడు శనివారం రాత్రి ఎనిమిదిన్నర. మీలో ఒకరు గంటసేపు ఫోన్లో పాఠం చెప్పగలిగితే, ఇక్కడ పిల్లల పక్కన కూర్చుని చేయి పట్టి దిద్దించడానికి నేనున్నాను. పెండ్లిచేసుకుని అవతలి గట్టు నుంచి మా ఊళ్ళకు వచ్చిన కోడళ్ళున్నారు. మంథనిలో, మహాదేవపూర్‌లో తెలుగు మాధ్యమంలో పది, ఇంటర్ చదివినవాళ్ళు. వాళ్ళకు నెలకు కొంత ముట్టచెప్పి ఊరికొకరిని పెట్టుకుంటే సాయంత్రం తరగతులు నడుస్తాయి. జింగానూర్ వైపు సిగ్నల్ దొరకదు, అక్కడ మనిషే కావాలి, ఫోన్‌తో పని జరగదు. మీ పుస్తకాల్లో ఒక పాఠం మా వైపు మీద కూడా రాయించండి. మా మేనకోడలుపిల్ల డాలస్‌లో రాక్షసిబల్లుల పుస్తకం విడిచిపెట్టదు. దాన్లో అమెరికావి, చైనావి అన్నీ ఉన్నాయి. మా తాలూకాలోని కోట అనే ఊరి పేరు మీదే శాస్త్రజ్ఞులు ఒక రాతి పొరకు కోటా ఫార్మేషన్ అని పేరు పెట్టారనీ, ఆ పొరలోనే అవతలి గట్టు యామన్‌పల్లి దగ్గర దొరికిన ఎముకలకు కోటాసారస్ అని 1988లో నామకరణం చేశారనీ, ఆ అస్థిపంజరం హైదరాబాదు బిర్లా సైన్స్ సెంటర్లో నిలబడి ఉందనీ నేను చెబితే నోరెళ్ళబెట్టి విన్నది. వెంటనే సిరొంచ చెల్లెలికి ఫోన్ చేసింది. చెల్లెలికి కూడా తెలియదు.

2027లో గోదావరి పుష్కరాలు. మీలో చాలామంది కాళేశ్వరం వస్తారు. వచ్చినప్పుడు ఒక పూట మాకివ్వండి. ఇక తరగతుల సంగతి. విదర్భలో ఎండల వల్ల బడులు జూన్ ఆఖరి వారంలో గాని తెరవరు. ఈలోగా మే, జూన్ నెలల్లో ఒక తరగతి మొదలుపెట్టి చూడాలని మా అనుకోలు. గది ఉంది, ఊరివాళ్ళు ఇస్తామన్నారు. బెంచీలు లేకున్నా చాపలున్నాయి. మొదటి విడత ముప్పై మంది పిల్లల పేర్లు రాసి పెట్టాం, ఎనిమిదేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపువాళ్ళు. మాకు మొదట కావలసింది మీ మొదటి మెట్టు పుస్తకాలు ముప్పై, ఎట్లా చెప్పాలో ఇక్కడి కోడళ్ళకు నేర్పే మనిషి ఒకరు, అది కూడా ఒక పది రోజులు. మీ తరఫున హైదరాబాదు నుంచి ఎవరినైనా పంపినా సరే. హనుమకొండలో గాని మంచిర్యాల స్టేషన్లో గాని దిగి కబురు చేస్తే, వచ్చి తీసుకుపోయే బాధ్యత మాది, ఉండటానికి, తినడానికి మా ఇల్లుంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచరు, సిరొంచ